గెలిచే కోచ్‌కు అహం ఉంటే తప్పేమిటి? డాన్ హర్లీ గురించి ఒక సందేహం

ప్రశ్న: కనెటికట్ తెలుగువాడు

అందరికీ నమస్కారం. మా అమ్మాయి స్టోర్స్‌లోని కనెటికట్ విశ్వవిద్యాలయంలో చదువుతోంది. అందువల్ల చలికాలం వచ్చిందంటే మా ఇంట్లో కళాశాల బాస్కెట్‌బాల్ తప్ప వేరే మాట వినబడదు. అక్కడి పురుషుల జట్టు కోచ్ డాన్ హర్లీ విషయంలో మా ఇద్దరి మధ్య ఎంతకీ తెగని వాదం ఒకటి నడుస్తోంది. ఈ ఆటను నాకంటే బాగా ఎరిగినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి దాన్ని మీ ముందు పెడుతున్నాను.

ఆయన సాధించినదాన్ని కాదనడం ఎవరికీ సాధ్యం కాదు. 2018లో ఆయన బాధ్యత తీసుకునేనాటికి ఈ జట్టు వరుసగా రెండు సీజన్లలో గెలుపులకన్నా ఓటములే ఎక్కువగా మూటగట్టుకొని ఉంది. అదే జట్టు 2023లోనూ 2024లోనూ జాతీయ ఛాంపియన్‌గా నిలిచింది. 2006, 2007 సంవత్సరాల్లో ఫ్లోరిడా గెలిచిన తర్వాత పురుషుల విభాగంలో వరుసగా రెండుసార్లు గెలిచినవారు మళ్లీ వీళ్లే. ఛాంపియన్‌ను తేల్చే ఆ రెండు జాతీయ టోర్నమెంట్లలో కలిపి ఆడిన 12 ఆటల్లో ఏ ఒక్కదానిలోనూ గెలుపు తేడా 13 పాయింట్లకు తగ్గలేదు. 2024 వేసవిలో వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌బీఏకు చెందిన లాస్ ఏంజెలిస్ లేకర్స్ జట్టు ఆరేళ్లకు 7 కోట్ల డాలర్లు ఇవ్వజూపినట్టు వార్తలు వచ్చినప్పుడు కూడా ఆయన ఇక్కడే ఉండిపోయారు.

నన్ను కలవరపెట్టినది ఆ తర్వాతి సీజన్. 2024 నవంబరులో మావీ టోర్నమెంటులో మెంఫిస్‌తో ఆట అదనపు సమయంలోకి వెళ్లి, స్కోరు సమానంగా ఉండి, ఇంకా నిమిషం కూడా మిగలని వేళ ఒక ఫౌల్ నిర్ణయం మీద హర్లీ చేసిన రభసకు రిఫరీ టెక్నికల్ ఫౌల్ (దురుసు ప్రవర్తనకు వేసే శిక్ష) ఇచ్చాడు. మెంఫిస్ ఆటగాడు వరుసగా నాలుగు ఫ్రీ త్రోలు వేశాడు, జట్టు 99–97తో ఓడిపోయింది. దేశంలో రెండో ర్యాంకుతో అక్కడికి వెళ్లిన జట్టు మూడు రోజుల్లో మూడు ఆటలు పోగొట్టుకొని తిరిగివచ్చింది. జనవరిలో బట్లర్ విశ్వవిద్యాలయంతో ఆట జరుగుతుండగా, ఈ క్రీడలో అందరికన్నా గొప్ప కోచ్‌ను నేను, నాకు వీపు చూపించి వెళ్లవద్దని హర్లీ రిఫరీని బూతుమాటతో కలిపి అనడం టెలివిజన్‌లో అందరూ విన్నారు. ఫిబ్రవరిలో క్రైటన్ విశ్వవిద్యాలయంలో గెలిచి కోర్టు వదిలి వెళ్తూ, నా దగ్గర రెండు ఛాంపియన్‌షిప్ ఉంగరాలున్నాయి, మీ దగ్గర ఏమున్నాయని ప్రేక్షకుల వైపు అరిచారు. మార్చిలో ఫ్లోరిడా చేతిలో 77–75తో ఓడి, జాతీయ టోర్నమెంటులో 13 ఆటల వరుస విజయాలకు తెరపడినప్పుడు, లోపలికి వెళ్లే దారిలో ఎదురైన మరో జట్టు ఆటగాళ్లతో రిఫరీల మీద దుర్భాషలాడారు. అదంతా ఒక విలేకరి ఫోనులో రికార్డయింది.

మా అమ్మాయి వాదన ఏమిటంటే, ఈ మనిషి ఇంత తీవ్రంగా లేకపోతే ఆ రెండు ట్రోఫీలు వచ్చేవే కావు, కాబట్టి ఒకటి కావాలంటే రెండోదాన్ని కూడా ఒప్పుకోవాలి. నాకు ఆ మాట మింగుడు పడడం లేదు. ర్యాంకులు తెప్పిస్తున్నాడు కదా అని అధ్యాపకుడి దురుసుతనాన్ని సర్దుకుపోయే వాతావరణంలో పెరిగినవాడిని నేను; ఆ సర్దుబాటు ఎవరికి మేలు చేసిందో, ఎవరిని కుంగదీసిందో కూడా దగ్గరగా చూశాను. గెలిచే కోచ్‌కు ఉండే అహం నిజంగా ఒక సమస్యేనా, లేక గెలుపుతో పాటు తప్పనిసరిగా వచ్చేదేనా? సమస్య అయితే అది ఎక్కడ మొదలవుతుంది?


స్పందన: బ్లూమింగ్టన్ పూర్వ విద్యార్థి

మీ ప్రశ్నకు నాకు తెలిసిన సమాధానం బ్లూమింగ్టన్‌లోని ఇండియానా విశ్వవిద్యాలయంలో ఉంది. నేను అక్కడ చదువుకున్నది సరిగ్గా అక్కడి బాస్కెట్‌బాల్ కోచ్ బాబ్ నైట్ చివరి సంవత్సరాల్లో. అందుచేత ఈ విషయం మీద నాకు పుస్తకజ్ఞానంతో పాటు కొంత మనస్తాపం కూడా ఉంది.

ముందుగా ఆయన గొప్పతనాన్ని గొప్పతనంగానే చెప్పాలి, లేకపోతే వాదన తేలికైపోతుంది. 24 ఏళ్లకే ఆర్మీ జట్టుకు (అమెరికా సైనిక అకాడమీ కళాశాల జట్టుకు) ప్రధాన కోచ్ అయ్యారు. 1971లో ఇండియానాకు వచ్చి 1976, 1981, 1987లలో మూడుసార్లు జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిపించారు. 1976 నాటి జట్టు 32 ఆటలు ఆడి 32 గెలిచింది. అప్పటినుంచి ఇప్పటివరకు పురుషుల మొదటి శ్రేణిలో ఏ జట్టూ ఒక్క ఓటమి కూడా లేకుండా ఛాంపియన్ కాలేదు. 1984 ఒలింపిక్స్‌లో మైకేల్ జోర్డన్ ఉన్న అమెరికా జట్టుకు స్వర్ణం తెచ్చిపెట్టారు. ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బు ఇచ్చి చేర్చుకునే పద్ధతిని ఆయన అసహ్యించుకున్నారు, తన కుర్రవాళ్లు తరగతులకు వెళ్లి పట్టా పుచ్చుకోవాలని పట్టుబట్టారు. ఇండియానా బనియన్ల మీద ఆటగాళ్ల పేర్లు ఉండవు, ముందు వైపు విశ్వవిద్యాలయం పేరు మాత్రమే ఉంటుంది. ఆటగాడి అహాన్ని అణచడంలో అంత నిష్ఠ చూపిన మనిషి తన అహానికి మాత్రం ఏ హద్దూ పెట్టుకోలేదన్నదే నన్ను ఈనాటికీ కలచివేస్తుంది.

1985 ఫిబ్రవరిలో పర్డ్యూ విశ్వవిద్యాలయంతో ఆట జరుగుతుండగా కుర్చీ తీసి కోర్టు మీదికి విసిరిన సంఘటన అందరికీ తెలుసు. జనం దాన్నే పదేపదే చూపించుకొని నవ్వుకుంటారు, కాని ఆ కుర్చీ ఎవరికీ తగలలేదు. తగిలినది వేరే ఉంది. 1997లో సాధన సమయంలో నైట్ తన గొంతు పట్టుకున్నారని నీల్ రీడ్ అనే ఆటగాడు చెప్పాడు. ఆ మాట దేశానికి వినబడింది మూడేళ్ల తర్వాత, 2000లో, ఒక టెలివిజన్ సంస్థ ద్వారా. నైట్ ఖండించారు. మా ప్రాంగణంలో అత్యధికులు, నా స్నేహితులతో సహా, కోచ్‌నే నమ్మి ఆ కుర్రవాణ్ని అబద్ధాలకోరు అన్నారు. తర్వాత కొద్ది వారాలకే సాధన నాటి వీడియో బయటపడింది, ఆయన చేయి ఆటగాడి మెడ మీద ఉండడం అందులో కనబడింది. ఆటగాడు అప్పటికే ఇండియానా వదిలి వెళ్లిపోయాడు.

ఇక్కడ సంస్థ ఏం చేసిందో గమనించండి. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు మైల్స్ బ్రాండ్ 2000 మే నెలలో నైట్‌కు మూడు ఆటల నిషేధం, 30,000 డాలర్ల జరిమానా విధించి, ఇకమీద ఇలాంటి ప్రవర్తనను ఏమాత్రం సహించబోమని హెచ్చరించారు. సెప్టెంబరులో, నైట్ పలకరింపులో తనకు మర్యాద ఇవ్వలేదని ఒక కొత్త విద్యార్థి చేయి పట్టుకొని మందలించారన్న ఫిర్యాదు వచ్చింది. దానితో పాటు వేసవిలో పోగైన ఇతర ఆరోపణలను కూడా కారణంగా చూపి బ్రాండ్ ఆయనను తొలగించారు. ఆ రాత్రి వేల మంది విద్యార్థులు వీధుల్లోకి వచ్చి, అధ్యక్షుడి ఇంటిదాకా వెళ్లి నిరసన తెలిపారు. 29 ఏళ్ల పాటు ఎవరూ కాదనని మనిషికి ఒక్క వేసవిలో మారిపొమ్మని చెప్పడం ఎంత ఆలస్యమైన పనో నాకు ఆ రాత్రి అర్థమైంది. ఆయన మొదటి పదేళ్లలోనే, 1979లో పాన్ అమెరికన్ క్రీడల సందర్భంగా ప్యూర్టోరికోలో పోలీసు అధికారితో గొడవపడి అరెస్టయినప్పుడే గట్టిగా మాట్లాడగలిగినవాళ్లు ఒకరుండి ఉంటే, కథ ఇంతదాకా వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక హర్లీ గురించి. ఆయనను నైట్‌తో సమానం చేయడం అన్యాయం అవుతుంది. మీరు చెప్పిన సంఘటనలన్నీ రిఫరీల మీద, ఎదుటి ప్రేక్షకుల మీద జరిగినవి, నైట్ విషయంలో దెబ్బ పడినది సొంత ఆటగాడి మీద. ఈ తేడాకు కారణం వ్యక్తుల స్వభావం ఒక్కటే కాదు, కాలం కూడా. నైట్ రోజుల్లో ఆటగాడు వేరే విశ్వవిద్యాలయానికి మారితే ఒక సంవత్సరం ఆడకుండా బెంచి మీద కూర్చోవలసి వచ్చేది, అంటే కోపిష్టి కోచ్ నుంచి పారిపోవడానికి కూడా సంవత్సరం రుసుము కట్టాలన్నమాట. 2021లో ఒక్కసారి స్వేచ్ఛగా మారే వీలు వచ్చింది, 2024 నుంచి ఎన్నిసార్లయినా మారవచ్చు. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోగలుగుతున్నారు, 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా వాటా ఇస్తున్నాయి. ఈనాటి కోచ్ తన ఆటగాడిని అవమానిస్తే వసంతకాలం వచ్చేసరికి ఆ ఆటగాడు మరో జట్టు బనియన్‌లో ఉంటాడు. అలెక్స్ కారబాన్ వంటి ఆటగాడు, ఎన్‌బీఏ వైపు వెళ్లే అవకాశాన్ని రెండు వేసవుల్లో వదులుకొని, హర్లీ దగ్గరికే మళ్లీ మళ్లీ తిరిగివచ్చాడంటే ఆ లాకర్ రూమ్‌లో భయం తప్ప ఇంకేదో కూడా ఉందని ఒప్పుకోవాలి.

కాబట్టి నా కొలబద్ద ఇది: అహం ఎవరి మీద పడుతోంది, ఆ పడినవాడికి తప్పుకునే దారి ఉందా?


స్పందన: వ్యాయామోపాధ్యాయిని, గుంటూరు

బాలికల జట్టుకు బాస్కెట్‌బాల్ నేర్పేదాన్ని కాబట్టి, ఒక కోచ్‌ను అంచనా వేయాలంటే ఆయన మాటలకన్నా ముందు ఆయన జట్టు బంతిని ఎలా పంచుకుంటోందో చూస్తాను.

2024 నాటి కనెటికట్ ఆటలను మా పిల్లలకు చూపించాను. బంతి చేతిలో లేని నలుగురూ ఒక్క క్షణం నిలబడరు. ఒకరికోసం ఒకరు స్క్రీన్ పెడుతూ (ఎదుటి ఆటగాడికి అడ్డుగా నిలబడుతూ), సందుల్లోంచి దూసుకుంటూ బుట్ట కిందికి వెళ్తూ, పాస్ రాకపోతే విసుక్కోకుండా మళ్లీ బయటికి వచ్చి మొదటినుంచి మొదలుపెడతారు. స్టెఫాన్ కాసిల్ ఎంతో పేరున్న కుర్రవాడిగా వచ్చి, బంతిని ఎక్కువగా ట్రిస్టెన్ న్యూటన్‌కూ కామ్ స్పెన్సర్‌కూ వదిలి, ఎదుటి జట్టులో బాగా ఆడేవాడిని అడ్డుకునే కష్టమైన పనిని తన మీద వేసుకున్నాడు. అదే ఏడాది ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో నాలుగో ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఇంత నిస్వార్థంగా ఆడే జట్టును తయారుచేసినవారు సాధన గదిలో తనను తాను మాత్రమే చూసుకునే మనిషి అయివుండరు.

హర్లీ చరిత్రలో ఇంకో సంగతి ఉంది. 2021లో, 2022లో ఆయన జట్టు జాతీయ టోర్నమెంటు మొదటి ఆటలోనే ఇంటికి వెళ్లింది. అహం తలకెక్కినవాడు ఆ ఓటములకు ఆటగాళ్లనో రిఫరీలనో బాధ్యులను చేసి తన పద్ధతినే కొనసాగిస్తాడు. ఈయన ఇతర జట్ల నుంచి షూటర్లను తెచ్చుకున్నారు, అటాక్ రూపకల్పనలో సహాయక కోచ్ ల్యూక్ మర్రేకి పెద్ద పాత్ర ఇచ్చారు. సొంత లోపాన్ని చూసి సరిదిద్దుకోగలిగినంతవరకు కోచ్ అహం జట్టుకు హాని చేయదని నా అభిప్రాయం.

బ్లూమింగ్టన్ గారితో మాత్రం ఒకచోట విభేదిస్తాను. ఆటగాడికి దారి తెరుచుకుంది కాబట్టి భయం లేదనడం సరికాదు. 19 ఏళ్ల పిల్లవాడికి దారి ఉండడం వేరు, దాన్ని వాడుకునే ధైర్యం ఉండడం వేరు. కోచ్ ఒక్క మాట అంటే తన భవిష్యత్తు ఆగిపోతుందని నమ్మే పిల్లలను నేను చూశాను. పైగా రిఫరీకి ఏ దారీ లేదు కదా?


స్పందన: డర్హమ్ నివాసి

ఇక్కడి చర్చ అరిచే కోచ్‌ల చుట్టూనే తిరుగుతోంది. నేనుండే చోట డ్యూక్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల మధ్య దూరం పది మైళ్లు కూడా ఉండదు. ఇక్కడ ఇన్నేళ్లుగా ఆట చూసినవాడిగా, పెద్దగా అరవని కోచ్‌ల అహం గురించి కూడా మాట్లాడాలని నాకు అనిపిస్తోంది.

జాన్ వుడెన్‌ను అందరూ గురువుల్లో గురువు అంటారు. 1948లో యూసీఎల్ఏకు (లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి) వచ్చిన ఆయనకు మొదటి జాతీయ ఛాంపియన్‌షిప్ 1964లో గానీ రాలేదు. ఆ తర్వాత 1975 వరకు 12 ఏళ్లలో 10 గెలిచారు, మధ్యలో 88 ఆటలు వరుసగా ఓటమి లేకుండా ఆడించారు. మేజోళ్లు ముడతలు పడకుండా ఎలా తొడుక్కోవాలో నేర్పడంతో సాధన మొదలుపెట్టేవారు. బెంచి మీద కుదురుగా, చేతిలో చుట్టిన ఆట కార్యక్రమ పత్రంతో కూర్చునేవారు. అయితే ఆ కాగితపు చుట్ట వెనుక నుంచే రిఫరీలను, ఎదుటి ఆటగాళ్లను సూటిపోటి మాటలతో వేధించేవారని ఆయనతో తలపడినవాళ్లు ఫిర్యాదు చేశారు. జుట్టు కత్తిరించుకోనని బిల్ వాల్టన్ వాదించినప్పుడు, నీ నమ్మకాన్ని గౌరవిస్తాను, నువ్వు లేని లోటు మాకు తెలుస్తుందని చెప్పి ఊరుకున్నారు. వాల్టన్ వెంటనే క్షౌరశాలకు పరుగెత్తాడు. అక్కడ గొంతు పెరగలేదు, ఎవరి మెడ మీదా చేయి పడలేదు, కాని దేశంలో అందరికన్నా గొప్ప ఆటగాడికి కూడా కోచ్ మాటే చివరి మాట అని తెలిసిపోయింది. ఇది నైట్ అహంకన్నా చిన్నదని నేను అనలేను. దాని వల్ల గాయపడినవాళ్లు తక్కువ, అంతే.

డ్యూక్ మాజీ కోచ్ మైక్ షషెఫ్‌స్కీ నైట్‌కు స్వయంగా శిష్యుడు, ఆర్మీ జట్టులో ఆయన కింద ఆడినవాడు. ఐదు ఛాంపియన్‌షిప్‌లు, 1,202 విజయాలు, మూడు ఒలింపిక్ స్వర్ణాలతో గురువును దాటిపోయారు. 2016లో ఓరెగాన్ చేతిలో ఓడిన తర్వాత ఆ జట్టు ఆటగాడు డిల్లన్ బ్రూక్స్‌కు, చివరి క్షణాల్లో అలా షాట్ వేయడం నీ స్థాయికి తగదని హితబోధ చేసి, అలా అనలేదని విలేకరుల ముందు కాదన్నారు. రికార్డింగులో మాటలు స్పష్టంగా వినబడ్డాక క్షమాపణ చెప్పారు. ఎదుటి జట్టు ఆటగాడికి కూడా నీతులు చెప్పే హక్కు తనకుందని ఆయనకు అనిపించడం నాకు హర్లీ కేకలకన్నా ఎక్కువ ఆలోచించవలసిన విషయంగా తోచింది.

మరి అహం లేని గొప్ప కోచ్ లేడా అంటే, నాకు తెలిసినంతలో దానికి దగ్గరగా వచ్చినవారు డీన్ స్మిత్. నార్త్ కరోలినాలో 36 సీజన్లు, 879 విజయాలు, 1982, 1993లలో ఛాంపియన్‌షిప్‌లు. బుట్టలో బంతి వేసినవాడు పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపించి కృతజ్ఞత చెప్పాలన్నది ఆయన పెట్టిన ఆనవాయితీ. ఈనాడు ప్రపంచమంతా అదే చేస్తోంది. అంతకన్నా నాకు నచ్చినది ఇంకొకటి. అలసిపోయిన ఆటగాడు పిడికిలి ఎత్తి చూపిస్తే కోచ్ వెంటనే అతణ్ని బయటికి పిలిచేవారు. తిరిగి లోపలికి వెళ్లడానికి సిద్ధమైనప్పుడు ఆ ఆటగాడే స్వయంగా వెళ్లవచ్చు. ఎవరు ఎప్పుడు ఆడాలన్నది ఏ కోచ్‌కైనా ఉన్న అతి పెద్ద అధికారం, అందులో ఒక భాగాన్ని ఆయన 20 ఏళ్ల పిల్లల చేతుల్లో పెట్టారు. 2015లో ఆయన చనిపోయిన తర్వాత, తన దగ్గర ఆడిన సుమారు 180 మందికి తలా 200 డాలర్లు, బయట భోజనం చేయమని, వీలునామాలో రాసిపెట్టారని తెలిసింది. ఆయనకు పట్టుదల లేదని, గర్వం లేదని నేననడం లేదు. సిగరెట్లు మానలేక సతమతమైన, ఓటమిని భరించలేని మనిషే ఆయన కూడా. కాని తన అధికారాన్ని తానే ఒక చోట తగ్గించుకునే ఏర్పాటు చేసుకున్నారు.

కాబట్టి గెలవాలంటే హర్లీలా ఉండక తప్పదన్న మీ అమ్మాయి మాటను చరిత్ర ఒప్పుకోదు. హర్లీలా ఉంటే గెలవలేరన్న మాటను కూడా ఒప్పుకోదు.


ప్రశ్న అడిగినవారి ప్రత్యుత్తరం: కనెటికట్ తెలుగువాడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. డీన్ స్మిత్ గురించిన మాట తనకు బాగా నచ్చింది, కాని తన వాదన మాత్రం వదులుకోలేదు. తను నాకు గుర్తుచేసిన విషయం కూడా ఇక్కడ రాయడం న్యాయం.

హర్లీ తండ్రి బాబ్ హర్లీ న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో సెయింట్ ఆంటొనీ ఉన్నత పాఠశాలకు 26 రాష్ట్ర ఛాంపియన్‌షిప్‌లు తెచ్చిపెట్టి, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సంపాదించిన కోచ్. అన్న బాబీ డ్యూక్ తరఫున 1991, 1992లలో ఛాంపియన్. వాళ్లిద్దరి మధ్య పెరిగిన డాన్, సీటన్ హాల్ విశ్వవిద్యాలయంలో ఆడుతున్నప్పుడు అన్నతో పోలుస్తూ ప్రతి ఊళ్లోనూ ప్రేక్షకులు చేసిన ఎగతాళికి కుంగిపోయి, 1993లో కొంతకాలం ఆట వదిలి మానసిక చికిత్స తీసుకున్నారు. ఈ సంగతి ఆయనే బహిరంగంగా చెప్పుకున్నారు. రెండు ఉంగరాలున్నాయని క్రైటన్ ప్రేక్షకుల మీద అరిచిన మనిషిలో ఆనాటి కుర్రవాడు ఇంకా ఉన్నాడని, దాన్ని అహంకారం అనేయడం తొందరపాటని మా అమ్మాయి అంటుంది.

ఆ మాట నన్ను కదిలించింది, అయినా పూర్తిగా ఒప్పించలేదు. గాయం ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినంత మాత్రాన దాన్ని రిఫరీ భరించాలని ఏముంది? పైగా గుంటూరు మేడమ్ గారు అడిగిన ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేదు. మెంఫిస్ ఆటలో నష్టపోయినది రిఫరీ కూడా కాదు, అప్పటిదాకా 40 నిమిషాలకు పైగా ఆడిన ఆ పిల్లలే. సొంత ఆటగాళ్లను ఆయన ఒక్క మాట కూడా అనకుండానే వాళ్ల చేతిలో ఉన్న ఆటను పోగొట్టారు.


స్పందన: వ్యాయామోపాధ్యాయిని, గుంటూరు

మెంఫిస్ ఆట విషయంలో మీరన్నది నిజం, అక్కడ నా దగ్గర సమర్థన లేదు. టెక్నికల్ ఫౌల్‌కు రెండు ఫ్రీ త్రోలు అని తెలిసిన కోచ్, స్కోరు సమంగా ఉన్నప్పుడు తన కోపాన్ని ఆపుకోలేకపోతే, అది వ్యూహంలో చేసిన తప్పుతో సమానం. ఆటగాడు అదే పని చేస్తే మేము వెంటనే బెంచి మీద కూర్చోబెడతాం. కోచ్‌ను కూర్చోబెట్టేవాళ్లు పక్కనే ఉండాలి. సహాయక కోచ్‌లలో ఒకరికి ఆ పని ముందుగానే అప్పగించి, వాళ్లు భుజం మీద చేయి వేస్తే వెనక్కి రావాలన్న ఒప్పందం పెట్టుకోవడం పెద్ద విషయమేమీ కాదు. మా జిల్లా స్థాయి పోటీల్లో కూడా కొందరు కోచ్‌లు అలా చేస్తారు.


స్పందన: బ్లూమింగ్టన్ పూర్వ విద్యార్థి

గుంటూరు మేడమ్ గారి అభ్యంతరం సరైనదే. నా కొలబద్దలో ఆటగాడిని మాత్రమే లెక్కలోకి తీసుకున్నాను, రిఫరీని వదిలేశాను. ఆటల వారీగా డబ్బు తీసుకొని వారానికి రెండు మూడు ఊళ్లు తిరిగే ఆ మనిషికి, ఆరేళ్లకు 5 కోట్ల డాలర్ల ఒప్పందం ఉన్న కోచ్‌తో తలపడే శక్తి విజిల్ తప్ప ఇంకేమీ లేదు.

అయితే మీ మొదటి ప్రశ్నలో, సమస్య ఎక్కడ మొదలవుతుందన్న చివరి వాక్యం మీదికి మళ్లీ వస్తాను. ఫ్లోరిడా చేతిలో ఓడిన రోజున నన్ను భయపెట్టినది హర్లీ తిట్లు కావు. ఓడిన బాధలో ఎవరైనా అదుపు తప్పవచ్చు. ఆ వీడియో తీసిన విలేకరిని, దాన్ని తొలగించకపోతే నీ సంగతి చూస్తానన్న ధోరణిలో బెదిరించినది జట్టు సమాచార వ్యవహారాలు చూసే ఉద్యోగి. తర్వాత ఆ ఉద్యోగి క్షమాపణ చెప్పారు. కాని ఆ క్షణంలో ఆయనకు ఏది తన ఉద్యోగధర్మంగా తోచిందో చూడండి: ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జీతం తీసుకునే మనిషి, కోచ్ అన్న మాట ప్రజలకు వినబడకుండా చేయడమే తన పని అనుకున్నారు. కోచ్ తనంతట తాను అడిగి ఉండకపోవచ్చు. ఇండియానాలో కూడా నైట్ ఎవరినీ పిలిచి నా తప్పులు దాచండని చెప్పి ఉండనవసరం లేదు. చుట్టూ ఉన్నవాళ్లే, గెలుపు ఇచ్చే మనిషికి అసౌకర్యం కలగకూడదని, ఒక్కొక్కరే ఒక్కొక్క తలుపు మూసుకుంటూ వెళ్లారు. అందుకే సాధన గదిలో జరిగినది బయటికి రావడానికి మూడేళ్లు పట్టింది.

మీ అమ్మాయి అక్కడే చదువుతోంది కాబట్టి తనతో ఒక మాట చెప్పండి. హర్లీ ఈ సీజన్‌లో ఎన్నిసార్లు అరిచారో లెక్కపెట్టడంకన్నా, ఆయన అరిచిన మర్నాడు విద్యార్థి పత్రిక ఆ విషయాన్ని స్వేచ్ఛగా రాయగలుగుతోందా, అథ్లెటిక్ డైరెక్టర్ తన పేరు పెట్టి దాని గురించి మాట్లాడుతున్నారా, జట్టు నుంచి వెళ్లిపోయిన ఆటగాళ్లు ఏం చెబుతున్నారన్నది చూడమనండి. మా రోజుల్లో నీల్ రీడ్ మాట్లాడినప్పుడు మేమెవ్వరం వినలేదు. ఆయన 2012లో, 36 ఏళ్లకే, గుండెపోటుతో చనిపోయారు. 2020 ఫిబ్రవరిలో నైట్ 20 ఏళ్ల తర్వాత మొదటిసారి ఇండియానా జట్టు ఆడే అసెంబ్లీ హాల్‌కు తిరిగివచ్చినప్పుడు ప్రేక్షకులంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన ఆటకు చేసినదానికి ఆ చప్పట్లు తగినవే, టెలివిజన్‌లో చూస్తూ నేనూ కొట్టాను. ఆ ఆటగాడికి మాత్రం మా విశ్వవిద్యాలయం తరఫున ఎవరైనా ఒక మాట చెప్పవలసి ఉండిందని నేను ఇప్పటికీ అనుకుంటాను.